సప్తపదికి ముందున్న సఖ్యం



"అన్నయ్యగారూ, శ్రావణంలోనే మరొక లగ్నం ఏదైనా దొరుకుతుందేమో ఒక్కసారి చూడండి" అని 2024 సంవత్సరంలో మా వీథిలోని ఒక ఇల్లాలు మా ఇంటికి వచ్చి అడిగారు. నేను దైవజ్ఞుణ్ణి కాను. ఉగాదినాడు దేవాలయంలో పంచాంగ శ్రవణానికి శ్రద్ధతో కూర్చొనేవారిలో ఒకణ్ణి, అంతే. ఆమె కుమార్తె వివాహానికి సిద్ధాంతిగారు అప్పటికే లగ్నం నిశ్చయించారు, శుభలేఖలు అచ్చునకు వెళ్ళాయి. "ఇప్పుడు మార్చడం ఎందుకమ్మా?" అన్నాను. ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకొని, "అమ్మాయి స్నేహితురాలి పెళ్ళి కూడా ఆ రోజే పెట్టారండీ. ఇరవై ఏళ్ళ స్నేహం. ఇద్దరూ మాట్లాడుకోవడం మానేశారు" అన్నారు.

ఆ ఇద్దరు పిల్లలనూ నేను ఎరుగుదును. రాజమహేంద్రవరంలో ఒకే వీథిలో, నాలుగు ఇళ్ళ అంతరంలో పుట్టి పెరిగినవారు. ఒకే పాఠశాల, ఒకే రిక్షా. కార్తిక మాసంలో గోదావరిలో దీపాలు వదలడానికి ఇద్దరూ ఒకే అరటిదొప్ప పట్టుకొని వెళ్ళడం నేను చూశాను. నీ పెళ్ళికి నేను, నా పెళ్ళికి నీవు తోడు పెళ్ళికూతురుగా కూర్చోవాలని ఎనిమిదో తరగతిలోనే ఒట్టు వేసుకున్నారట. ఇప్పుడు ఒకరి వివాహం రాజమహేంద్రవరంలో రాత్రి లగ్నానికి, మరొకరిది అదే దినం హైదరాబాదులో ఉదయ లగ్నానికి. నడుమ సుమారు 400 కిలోమీటర్ల దూరం.

ఈ సంఘర్షణకు ఆ పిల్లలకంటే ముందు ఆకాశమే కారణమని చెప్పాలి. ఆ సంవత్సరం పేరు క్రోధి. (పేరు యాదృచ్ఛికమే, అయినా ఆనాడు నాకు నవ్వు వచ్చింది.) ఏప్రిల్ చివర శుక్ర మౌఢ్యం ఆరంభమయింది. నడుమ గురు మౌఢ్యమూ తోడయింది. వివాహానికి గురుశుక్రుల బలం ప్రధానం కనుక, వారు సూర్యునికి అతి సమీపమై కంటికి కనబడకుండాపోయే ఆ కాలాన్ని మనవారు మూఢమని విడిచిపెడతారు. మౌఢ్యం తీరేసరికి ఆషాఢం ప్రవేశించింది. ఆగస్టు 5న శ్రావణం వచ్చేవరకు, అంటే మూడు నెలలకు పైగా, తెలుగునాట పెళ్ళిబాజా దాదాపు వినబడలేదు. శ్రావణం దాటితే భాద్రపదం, అది శూన్యమాసం. వేసవిలో జరగవలసిన వివాహాలన్నీ ఆ ఒక్క మాసంలోని కొద్ది రోజులమీదికి వచ్చి పడ్డాయి. కల్యాణ మండపాలు, వంటవారు, సన్నాయి మేళాలు, పురోహితులు, అన్నిటికీ అదే కొరత. అటువంటప్పుడు ఇద్దరు స్నేహితురాళ్ళ తేదీలు కలిసిపోవడంలో ఆశ్చర్యమేమీ లేదు.

కాని మనుష్యులకు ఆకాశంమీద కోపం రాదు, పక్కవారిమీద వస్తుంది.

మొదటి అమ్మాయి వాదం ఇది: "నా తేదీ నిశ్చయమయిన రాత్రే, ఇంట్లోవారికంటే ముందుగా దానికి చెప్పాను. అది తెలిసి తెలిసి అదే రోజు పెట్టుకొంది. పైగా నాతో చెప్పలేదు. వాట్సాప్ సమూహంలో శుభలేఖ చూసి తెలుసుకోవలసి వచ్చింది." రెండవ అమ్మాయి సమాధానం: "తేదీ నిర్ణయించింది నేను కాదు. మగపెళ్ళివారు నిర్ణయించారు, మండపం ఆ ఒక్క రోజే ఖాళీ ఉన్నది. ఏ ముఖంతో చెప్పను?" ఇద్దరి మాటలోనూ సత్యం ఉన్నది. నా అభిప్రాయం అడిగితే, రెండవ అమ్మాయి దోషం తేదీలో లేదు, మౌనంలో ఉన్నది. కష్టమైన మాటను స్వయంగా వెళ్ళి చెప్పే ధైర్యం ఆమెకు లేకపోయింది. ఇక మొదటి అమ్మాయి అన్న చివరి మాట, "నా పెళ్ళికి రాకపోతే నీకూ నాకూ ఏ సంబంధమూ లేదు" అన్నది, అంతకంటే పెద్ద దోషం. ఇరవై సంవత్సరాల స్నేహానికి ఆమె ఆ మాటతో ఒక వెల కట్టింది.

తల్లిగారు అడిగారు కనుక సిద్ధాంతిగారి వద్దకు వెళ్ళాను. ఆయన ఓర్పుతో మళ్ళీ గణించారు. వివాహ లగ్నం నిర్ణయించడంలో వధూవరుల జన్మనక్షత్రాలనుంచి ఆనాటి నక్షత్రం వరకు లెక్కించి తారాబలం చూస్తారు, జన్మరాశులనుబట్టి చంద్రబలం చూస్తారు, ఆ పైన లగ్నశుద్ధి. నాలుగు రోజుల తరువాత మరొక లగ్నం ఉన్నదన్నారు. కాని ఆనాడు ఊరిలో మండపం లేదు, వరుని అన్నగారు అమెరికానుంచి వచ్చే సెలవు అప్పటికి ముగిసిపోతుంది. లగ్నం ఉన్నా లోకం సహకరించలేదు. తేదీ మారలేదు.

సిద్ధాంతిగారు పంచాంగం మూస్తూ ఒక మాట అన్నారు, అది నా మనస్సులో నిలిచిపోయింది. ఒక అహోరాత్రంలో పన్నెండు లగ్నాలు ఉంటాయి, ఒక్కొక్కటి సుమారు 2 గంటలు. "శాస్త్రం ఒక జంటకు ఇచ్చేది ఆ లగ్నాన్ని, అందులోనూ జీలకర్ర బెల్లం తలపై ఉంచే ఆ కొద్ది క్షణాలను. రోజు మొత్తం ఎవరికీ రాసి ఇవ్వలేదు" అన్నారు. ఇది చిన్న విషయంగా కనబడుతుంది. కాని ఈనాడు వివాహ సందర్భంలో వినిపించే 'ఇది నా రోజు' అన్న మాటను దీని పక్కన పెట్టి చూడండి. ఆ మాట మన శాస్త్రంలోనిది కాదు, మన పెద్దల వాడుకలోనిదీ కాదు. కాలం స్వయంగా భగవద్రూపమని గీతలో భగవానుడు చెప్పాడు. అటువంటి కాలంలో ఒక ఖండాన్ని కంచె వేసుకొని, దానిలోనికి మరొకరి సుఖం ప్రవేశించరాదనడం మమకారానికి పరాకాష్ఠ.

ఇంతవరకు అంగీకరించేవారు కూడా ఒకచోట ఆగిపోతారు. "నిజమే, కాని పాపం ఆ అమ్మాయి కోరింది ఏమిటి? ప్రాణస్నేహితురాలు పక్కన ఉండాలనే కదా. అది మమకారమా, ప్రేమా?" ఈ ప్రశ్నను నేను తేలికగా తీసివేయను. దీనికి సమాధానం వెతకడానికే ఈ వ్యాసం రాస్తున్నాను.

పతంజలి మహర్షి సమాధి పాదంలో చిత్తప్రసాదనానికి నాలుగు భావనలు చెప్పాడు: మైత్రి, కరుణ, ముదిత, ఉపేక్ష. సాధకులకు ఇవి పరిచితమే. కాని ఏ భావన ఎవరిపట్ల అన్నది చాలామంది గమనించరు. కరుణ దుఃఖంలో ఉన్నవారిపట్ల. మరి మైత్రి? సుఖంలో ఉన్నవారిపట్ల. నేను చాలాకాలం ఇది విచిత్రంగా ఉన్నదనుకొన్నాను. మిత్రుడంటే కష్టంలో ఆదుకొనేవాడు కదా, మహర్షి మైత్రిని సుఖంతో ఎందుకు ముడిపెట్టాడు? వాచస్పతి మిశ్రుల వ్యాఖ్య చూసినప్పుడు విషయం విశదమయింది. సుఖవంతులపట్ల మైత్రిని భావించినప్పుడు చిత్తంలోని ఈర్ష్య అనే కాలుష్యం తొలగుతుందని ఆయన తాత్పర్యం.

కష్టంలో పక్కన నిలబడడం సులభమని నేను అనను, కాని దానికి మన అహంకారం అడ్డు రాదు. కష్టపడేవాడు మనకంటే ఒక మెట్టు దిగువన ఉంటాడు, మనం చేయి అందిస్తాం, అందులో ఒక తృప్తి ఉంటుంది. స్నేహితుని సుఖం అలా కాదు. ఆ సుఖంలో మనం కేంద్రం కాము. అతని కల్యాణ మండపంలో మనం ఎక్కడో ఒక వరుసలో కూర్చుంటాం. అతని సుఖమూ మన సుఖమూ ఒకే దినాన వస్తే, ఆ వరుస కూడా మిగలదు. అప్పుడు కూడా అతని సుఖాన్ని మన సుఖంగా భావించగలిగితే, దానినే మహర్షి మైత్రి అన్నాడు. ఆ ఇద్దరు అమ్మాయిలలో ఒకరికి ఆపద వచ్చి ఉంటే, రెండవ ఆమె అర్ధరాత్రి బస్సు ఎక్కి వెళ్ళి ఉండేది. ఇందులో నాకు సందేహం లేదు. వారిని విడదీసింది దుఃఖం కాదు, రెండు సుఖాలు.

ఇక వివాహ క్రతువునే చూద్దాం. పాణిగ్రహణం తరువాత అగ్నికి ఉత్తరంగా వధూవరులు ఏడు అడుగులు నడుస్తారు. అన్నం కోసం ఒక అడుగు, బలం కోసం ఒక అడుగు, వ్రతం కోసం, సుఖం కోసం అంటూ సాగి, ఏడవ అడుగు పూర్తి అయినచోట వరుడు వధువునుంచి సఖ్యాన్ని అర్థిస్తాడు. ఏలుబడిని అడగడు, విధేయతను అడగడు, సఖ్యాన్ని అడుగుతాడు. ఇందులో లోతైన రహస్యం ఉన్నది. ఏడు అడుగులు కలిసి నడిస్తే సఖ్యం ఏర్పడుతుందన్నది వివాహంకోసం పుట్టిన భావన మాత్రమే కాదు. సంస్కృతంలో 'సాప్తపదీనం' అంటే స్నేహం. ఆ పదానికి పాణిని ప్రత్యేకంగా ఒక సూత్రమే చేశాడు. అరణ్యపర్వంలో సత్యవంతుని ప్రాణాలను తీసుకొని దక్షిణ దిక్కుగా వెళ్ళే యమధర్మరాజు వెంట సావిత్రి నడిచింది. వెనుదిరిగి పొమ్మని ఆయన అంటే, ఏడు అడుగులు కలిసి నడిచినవారు మిత్రులని తత్త్వవేత్తలు చెబుతారు, ఆ మైత్రిని పురస్కరించుకొని నేను చెప్పే మాట వినండి అన్నది. అక్కడ ఏడు అడుగులు నడిచింది భర్తతో కాదు, మృత్యుదేవతతో. ఆ స్నేహాన్ని ఆధారం చేసుకొనే ఆమె మాట సాగింది, చివరకు భర్త ప్రాణాలు తిరిగి వచ్చాయి.

అంటే మన సంప్రదాయంలో వివాహం స్నేహంనుంచి తన రూపాన్ని ఎరువు తెచ్చుకొన్నది. నాలుగు ఇళ్ళ అంతరంలో పెరిగి, బడికి ఏడు లక్షల అడుగులు కలిసి నడిచిన ఇద్దరు, అగ్నిసాక్షిగా మరొక సఖ్యాన్ని ఆరంభించడం కోసం తమ మొదటి సఖ్యాన్ని ఆ హోమగుండం ముందే తెంచుకొంటే, ఆ ఏడు అడుగులకు అర్థం ఏమి మిగిలింది?

మరొక ఉదాహరణ చెబుతాను, దీనిని ఎవరూ ఈ కోణంలో ప్రస్తావించడం నేను వినలేదు. కుచేలోపాఖ్యానం మనకందరికీ తెలుసు. అటుకుల మూట, ద్వారక, పాదప్రక్షాళనం, రుక్మిణీదేవి వింజామర. కాని భాగవతం దశమ స్కంధంలో ఆ ఇద్దరు మిత్రుల సంభాషణ ఎలా ఆరంభమవుతుందో గమనించారా? శ్రీకృష్ణుడు మొట్టమొదట అడిగిన కుశల ప్రశ్నలలో ఒకటి, గురుకులంనుంచి మరలివచ్చిన తరువాత నీకు తగిన భార్యను వివాహమాడావా, లేదా అన్నది. అంటే ఏమిటి? కుచేలుని వివాహానికి కృష్ణుడు వెళ్ళలేదు, అది జరిగినట్లు కూడా ఆయన ఎరగనట్లే అడుగుతున్నాడు. రుక్మిణీ కల్యాణానికి కుచేలుడు వచ్చినట్లు భాగవతం చెప్పదు. సాందీపని ఆశ్రమంలో కట్టెలకోసం అడవికి వెళ్ళి గాలివానలో చేయి చేయి పట్టుకొని రాత్రంతా తిరిగిన ఇద్దరు మిత్రులు, ఒకరి పెళ్ళి ఒకరు చూడలేదు. నన్ను పిలవలేదేమి అని ఆయన అనలేదు, నీవు రాలేదేమి అని ఈయన అనలేదు. ఇంతకాలం తరువాత కలిసిన మిత్రుని మొదటి ప్రశ్న ఆ మిత్రుని ఇంటి సుఖాన్ని గురించి. పతంజలి చెప్పిన మైత్రి ఇదే కదా.

దీనికి ప్రతిరూపం ద్రోణద్రుపదుల కథ. వారూ బాల్యమిత్రులే, భరద్వాజాశ్రమంలో కలిసి ఆడుకొని చదువుకొన్నవారే. అక్కడ చిన్ననాటి మాట ఒకటి ఉన్నది, ఒకరు దానిని అప్పుగా లెక్కించారు, మరొకరు అప్పే లేదన్నారు. ఆ వైరం కురుక్షేత్రంవరకు నడిచి ఇద్దరినీ దహించింది. ఎనిమిదో తరగతిలో వేసుకొన్న ఒట్టును పత్రంగా చూపి బాకీ అడిగినప్పుడల్లా నాకు ఈ కథ జ్ఞాపకం వస్తుంది. (ద్రుపదుని గర్వాన్ని నేను సమర్థించడం లేదు. కాని ద్రోణుని స్మృతిశక్తి కూడా అతనికి మేలు చేయలేదు.)

సాధకులతో మరొక మాట చెప్పక తప్పదు, ఎందుకంటే ఈ పొరపాటు మనలోనే ఎక్కువ. తల్లి నాతో మాట్లాడిన రెండు రోజులకు మొదటి అమ్మాయి నాకు ఎదురుపడి, "బాబాయిగారూ, మీరు చెప్పే వేదాంతమే ఆచరిస్తున్నాను. ఎవరిమీదా ఆసక్తి పెట్టుకోకూడదు కదా, వదిలేశాను" అన్నది. గొంతులో వైరాగ్యం లేదు, గాయం ఉన్నది. కోపాన్ని వైరాగ్యమనే కాషాయంలో చుట్టి చూపడం మనకు బాగా అలవాటయిన విద్య. వదిలివేసినవాడు తేలిక పడతాడు. ఆ అమ్మాయి తేలిక పడలేదు, రాయి మోస్తున్నది. వదలవలసినది స్నేహితురాలిని కాదమ్మా, ఆమె ఎలా ప్రవర్తించాలో నీవు మనస్సులో రాసుకొన్న పట్టికను అన్నాను. ఆమె జవాబు చెప్పకుండా వెళ్ళిపోయింది. సరిగా చెప్పానో లేదో నాకూ తెలియదు, ఉపదేశం చేసేవారి గొంతు అటువంటి వేళ కర్కశంగానే వినిపిస్తుంది.

నేను ఇంత పట్టుదలతో మాట్లాడడానికి స్వార్థం కూడా ఒకటి ఉన్నది. నా యౌవనంలో నా ఆప్తమిత్రుడు నా వివాహానికి రాలేకపోయాడు, వారి ఇంటిలో అదే రోజు చెల్లెలి పెళ్ళిచూపులు. ఆరు నెలల తరువాత అతని శుభలేఖ వచ్చింది, నాలుగు మూలలా పసుపు పూసి, వెనుక స్వహస్తాలతో రెండు పంక్తులు రాసి. నేను వెళ్ళలేదు. పని ఉన్నదని ఒక కార్డు రాశాను, పని ఏమీ లేదు. తరువాత అతడు దూరప్రాంతానికి ఉద్యోగంమీద వెళ్ళాడు, ఉత్తరాలు సన్నగిల్లాయి. అతడు పోయినట్లు నాకు పదకొండు రోజుల తరువాత తెలిసింది. ఆ శుభలేఖ ఇప్పటికీ నా పెట్టెలో ఉన్నది, పసుపు మాత్రం వెలిసిపోయింది.

అందుచేత ఆ తల్లికి చివరకు చెప్పినది ఇది. "తేదీ మారదు. కాని మన పెళ్ళి ఒక్క రోజుతో ముగిసేది కాదు కదమ్మా. పసుపు దంచడం ఉన్నది, పెళ్ళికూతుర్ని చేయడం ఉన్నది, పదహారు రోజుల పండుగ ఉన్నది. ఇది శ్రావణం. పెళ్ళి అయిన మొదటి శ్రావణంలో మంగళగౌరీ వ్రతం పుట్టింటనే చేసుకోవాలి. ఇద్దరూ ఇదే వీథికి వస్తారు." ఆమె తల ఊపారు. నమ్మకం కలిగినట్లు కనబడలేదు.

రెండు వివాహాలూ ఆ రోజే జరిగాయి. రాజమహేంద్రవరంలో జరిగినదానికి నేను వెళ్ళాను. సప్తపది వేళ పెళ్ళికూతురు తల ఎత్తి ఒకసారి మండప ద్వారంవైపు చూసింది. అంతే.

మంగళవారంనాడు జరిగినది తల్లిగారు చెప్పగా విన్నాను. ముత్తయిదువలను బొట్టు పెట్టి పిలవడానికి ఆమె బయలుదేరుతూ, "ఆ ఇంటికి నేను వెళ్ళి పిలుస్తాలే" అన్నారట. కూతురు ఏమీ అనకుండా కుంకుమ భరిణ ఆమె చేతిలోనుంచి తీసుకొని, కొత్త మెట్టెల చప్పుడుతో వీథిలోనికి దిగింది. నాలుగు ఇళ్ళ దూరానికి ముప్పావు గంట పట్టింది. తిరిగి వచ్చినప్పుడు కళ్ళు ఎర్రగా ఉన్నాయి, నుదుట తన బొట్టు కింద మరొక బొట్టు ఉన్నది. ఆ ఇంటిలోనూ ఆనాడు వ్రతమే, వారూ పేరంటానికి పిలవాలి కదా. తల్లి ఏమీ అడగలేదు, కూతురు ఏమీ చెప్పలేదు. సాయంకాలం జ్యోతులమీద పట్టిన కాటుక, నానబెట్టిన శనగలు అటునుంచి ఇటూ ఇటునుంచి అటూ వెళ్ళాయి.

మా ఇంటికీ ఒక దొప్పెడు శనగలు పంపారు. తెచ్చి ఇచ్చింది ఆ అమ్మాయే. నేను ముహూర్తాల ప్రస్తావన తేలేదు.